కథ ఎవరి నోట?

ఒక రైతు అప్పు చేసి బోరు వేయించాడు. తొమ్మిది వందల అడుగులు దిగినా పైకి దుమ్మే లేచింది. తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు లారీ అడుగుకింత అని లెక్క కట్టించుకుని మరో ఊరికి వెళ్లిపోయింది. ధర్మపురి జిల్లాలాంటి మెట్ట ప్రాంతంలో ఇది పేపర్లో వేసేంత వార్త కూడా కాదు. ఈ సంఘటన బొమ్మిడి దగ్గరి బి. మల్లాపురంలో, తెలుగు ఇంటిభాషగా పెరిగి తెలుగులోనే కథ రాద్దామనుకుంటున్న ఓ కుర్రవాడికో అమ్మాయికో దొరికిందనుకుందాం. మామూలుగా ఏమవుతుందంటే, మొదటి పేరాలో ఎండలు మండుతాయి, రెండో పేరాలో రైతు దేశానికి వెన్నెముక అవుతాడు, ఆఖరి పేరాలో వేపచెట్టుకు తాడు వేలాడుతుంది. రాసినవాళ్లకు సానుభూతి తక్కువై కాదు, భాష రాక కాదు. ఈ మూడు పేరాలూ ఎవరు చెబుతున్నారో వాళ్లకే తెలియదు. పేపరు భాష, సినిమా భాష, స్కూలు వ్యాసం భాష కలిసి వాళ్ల చేత రాయించేశాయి, అంతే.

కొత్త రచయితలకు దొరికే సలహాలకు కొదవ లేదు. బాగా చదవండి, రోజూ రాయండి, బలమైన వస్తువు ఎంచుకోండి, ముగింపులో మెరుపు ఉండాలి అంటారు. మెరుపు సంగతి పక్కన పెడితే మిగతావన్నీ మంచి మాటలే. కానీ వీటన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ కథ ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు? ఆ బోరు సంగతే చూడండి. రైతు చెబితే అది అప్పు కథ. అతని కూతురు చెబితే, పెళ్లికని దాచిన గొలుసు కుదువకు పోయిన కథ. పైగా తండ్రి మీద జాలీ కోపమూ ఒకేసారి వచ్చే కథ. లారీ మీద పనిచేసే కుర్రవాడు చెబితే ఇలాంటి ముఖాలు రోజుకొకటి చూసి చూసి మొద్దుబారిపోయిన కథ, తన కూలి మాత్రం నీళ్లు పడ్డా పడకపోయినా వచ్చే కథ. పక్క చేను ఆసామి చెబితే, నీళ్లు పడితే తన బావి ఎండుతుందని లోలోపల మొక్కుకున్నవాడి కథ. సంఘటన ఒకటే, కథలు మాత్రం నాలుగు. నాలుగో కథ చాలామందికి తట్టదు, ఎందుకంటే జాలి సిద్ధంగా ఉన్నచోట మన కలం ముందుగా ఆగిపోతుంది. ఈ నాలుగింటిలో బాగా రాయదగ్గది అదేనని నా అభిప్రాయం.

చెప్పేవాళ్లెవరో తేలగానే మిగతా చిక్కుల్లో సగం వాటంతట అవే విడిపోతాయి. కథ ఎక్కడ మొదలవ్వాలన్న ప్రశ్న తీసుకోండి. లారీ కుర్రవాడికి ఆ రైతు గతం తెలియదు కాబట్టి లారీ ఊళ్లోకి మలుపు తిరగడంతోనే మొదలుపెట్టక తప్పదు. కూతురైతే గొలుసు బీరువాలో కనబడని రోజు నుంచి మొదలుపెట్టవచ్చు. ఏ సంగతి వివరించాలి, ఏది వదిలేయాలి అన్నదీ అంతే. ఇరుగుపొరుగు ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు ఇద్దరికీ తెలిసిన సంగతిని ఒకరికొకరు చెప్పుకోరు. ‘మన జిల్లాలో భూగర్భజలాలు అడుగంటిపోతున్నాయి కదా మామా’ అని చేనుగట్టు మీద ఎవరూ అనరు. అది పాఠకుడికి సమాచారం అందించడానికి పాత్ర నోట్లో కుక్కిన వాక్యం. కొత్తవాళ్ల కథల్లో సంభాషణలు చప్పగా ఉండడానికి ఇది పెద్ద కారణం. మనుషులు సమాచారం కోసం కంటే ఏదో సాధించుకోవడానికో, దేన్నో తప్పించుకోవడానికో ఎక్కువగా మాట్లాడతారు. గొలుసు సంగతి కూతురు అడిగితే తండ్రి వాన సంగతి ఎత్తుతాడు. ఆ పక్కదారి పట్టడంలోనే పాఠకుడికి అప్పు సంగతి అర్థమైపోతుంది.

చెప్పేవాళ్లను ముందే తేల్చుకోవడం ఇప్పటి తరం కనిపెట్టిన కిటుకు కాదు. గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. అంతకుముందు భండారు అచ్చమాంబ రాసిన కథలున్నాయి గానీ మొదటి కథ ఏది అన్న తగవు మనకిక్కడ అక్కర్లేదు. ‘దిద్దుబాటు’ ఎలా పనిచేస్తుందో చూడండి. రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చిన గోపాలరావుకు భార్య కమలిని కనబడదు, ఆమె రాసిపెట్టిన ఉత్తరం కనబడుతుంది. కథ చివరిదాకా అతన్ని అంటిపెట్టుకునే నడుస్తుంది. అతనికి తెలియనిది మనకూ తెలియదు. అందుకే ఆమె ఇంట్లోనే, మంచం కిందే ఉందని తెలిసినప్పుడు అతనితోపాటు మనమూ తెల్లబోతాం. అదే కథను కమలిని వైపు నుంచి చెప్పి ఉంటే భర్తకు బుద్ధి చెప్పడానికి వేసిన పథకం మొదట్లోనే తెలిసిపోయేది, మిగిలేది ఉపదేశం. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన అంతర్జాతీయ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్న పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ కూడా ఈ కట్టుబాటు మీదే నిలబడింది. నియమాల చట్రంలో బతికే రావుగారి చూపులోంచే రైలుపెట్టెనూ, ముష్టిమనిషినీ, తుపాను రాత్రినీ చూస్తాం. ఆమె లోపల ఏముందో కథ చెప్పదు. రావుగారికి తెలియదు గనుక చెప్పడానికి వీల్లేదు. ఆ తెలియకపోవడమే కథకు ఊపిరి. చెప్పేవాడి హద్దులను లోపంగా భావించి దాటబోవడం కొత్త రచయిత మొదటి తొందరపాటు. ఆ హద్దుల్లో ఉండి రాయగలగడమే విద్య.

అయితే ప్రతి కథా ‘నేను’ అంటూ మొదలవ్వాలా, రచయిత ఎప్పుడూ ఒక పాత్ర వెనక దాక్కోవాలా అని అడగవచ్చు. అక్కర్లేదు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో సుందరపాలెం పంచాయతీ మొత్తం మన కళ్లముందు జరుగుతుంది. అప్పల్రాముడు బాకీ తీర్చాలా వద్దా అన్నది ఊరు ఊరంతా కూర్చుని తేల్చే వ్యవహారం. కథ ఏ ఒక్కరి మనసులోనూ స్థిరపడదు. రైతు పక్షం కూడా పట్టదు, కనీసం పైకి పట్టినట్టు కనిపించదు. పంచాయతీ పెద్ద శ్రీరాములునాయుడి మాట విన్నప్పుడు అదీ న్యాయమే అనిపిస్తుంది. ఆ నిదానం వల్లే అప్పల్రాముడి కొడుకు సీతారాముడు చివర్లో చేసే పని పాఠకుడి మీద పిడుగులా పడుతుంది. ఇక్కడ చెబుతున్నది ఒక పాత్ర కాదు, తీర్పు చెప్పకుండా పంచాయతీ చివర నిలబడి వింటున్న ఒక చూపు. అదీ తేల్చుకోవలసిన నిర్ణయమే. చాసో ‘ఎంపు’లో అడుక్కునే తండ్రి కూతుర్ని కుంటివాణ్ణి కాదని గుడ్డివాణ్ణి కట్టుకోమంటాడు, గుడ్డివాడి సంపాదన ఎక్కువ కాబట్టి. కథలో ఎక్కడా బయటివాళ్ల జాలి చొరబడదు. ఆ బతుకులో ఆ లెక్క ఎంత సహజమో అంత సహజంగా నడుస్తుంది. ఒక్క వాక్యంలో రచయిత అయ్యో అని ఉంటే కథ చెడిపోయేది. కాబట్టి ‘నేను’ అనాలా ‘అతను’ అనాలా అన్నది వ్యాకరణానికి సంబంధించిన సంగతి మాత్రమే. ఎవరి ఎరుక మేరకు కథ సాగుతుంది, ఆ గొంతుకు ఏ సంగతి వింతగా తోస్తుంది, ఏది మామూలుగా కనబడుతుంది అన్నదే అసలు నిర్ణయం.

ఇప్పుడు బి. మల్లాపురానికి వద్దాం. జోలార్‌పేట నుంచి సేలం పోయే రైలు దారిలో, ఏర్కాడు కొండల ఛాయల్లో ఉన్న ఈ ప్రాంతం ఒకప్పుడు సేలం జిల్లాలో భాగం. 1965లో ధర్మపురి వేరుపడింది, 2004లో దాన్నుంచి కృష్ణగిరి విడిపోయింది. ఈ జిల్లాల్లో ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇలాంటి చోట పెరిగిన కొత్త రచయితకు ఒక సిగ్గు ఉంటుంది. తన తెలుగు ‘సరైన’ తెలుగు కాదని, విజయవాడ, హైదరాబాదు పత్రికల భాష నేర్చుకున్నాకే రాయాలని. నా వాదన దీనికి సరిగ్గా తలకిందులు. చెప్పేవాళ్లెవరన్నదే కథకు మొదటి ప్రశ్న అయితే, ఈ రచయితకు చెప్పేవాళ్ల కొరత లేదు. పెళ్లిలో ఒక భాష, రేషను కొట్లో ఒక భాష, బెంగుళూరు నుంచి ఫోను చేసే కొడుకుతో ఇంకో భాష మాట్లాడే మేనత్త ఇంట్లోనే ఉంది. ఆమె ఏ మాట దగ్గర తెలుగు వదిలి తమిళంలోకి దూకుతుందో గమనిస్తే ఎవరి ముందు తగ్గుతుందో, ఎవరి మీద అధికారం చూపిస్తుందో తెలుస్తుంది. ఒకే భాష ఉన్న ఊళ్లో రచయిత పేజీలు ఖర్చుపెట్టి చూపించవలసినదాన్ని ఇక్కడ ఒక సంబోధన మారడంతో చూపించవచ్చు.

దీనికి తమిళనాడులోనే పెద్ద ఉదాహరణ ఉంది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో రాశారు. పెద్ద చదువు లేదు. సేద్యం చేసిన మనిషి. మొదటి కథలు అచ్చయ్యేనాటికే ముప్పయ్యేళ్లు దాటాయి. తెలుగు నేల వదిలి దక్షిణానికి వలసపోయిన జనం కథను ‘గోపల్ల గ్రామం’గా రాయాలనుకున్నప్పుడు ఆయన చరిత్రకారుడి గొంతు ఎత్తుకోలేదు, ఆ వలస గాథను ఇంట్లోని ముసలమ్మ నోట చెప్పించారు. ఆమె చెప్పేదాంట్లో జరిగిందెంతో, జరిగినట్టు అనుకున్నదెంతో విడదీయలేం. తీయనక్కర్లేదు కూడా, జనం తమ గతాన్ని అలాగే మోసుకొస్తారు గనుక. దాని తరువాయి ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కరిసల్ (నల్లరేగడి) నేల మాటలకు ఆయన నిఘంటువు కూడా కూర్చారు. సేలం జిల్లాకు పొరుగున ఉన్న నామక్కల్ ప్రాంతం నుంచి వచ్చిన పెరుమాళ్ మురుగన్ కూడా కొంగునాడు మాటలకు అలాంటి నిఘంటువే చేశారు. ఇద్దరు నవలాకారులు కూర్చుని నిఘంటువులు తయారుచేయడం యాదృచ్ఛికం కాదు. రాయడానికి ముందు వినడం వాళ్ల పనిలో భాగం. కొత్తవాళ్లకు ఇందులో తేలికగా అందుకోగల సలహా ఉంది. కథల ఆలోచనలు రాసుకునే నోటుబుక్కు కంటే విన్న మాటలు, విన్నవి విన్నట్టుగా, ఎవరు ఎవరితో అన్నారో పక్కన గుర్తు పెట్టుకుంటూ రాసుకునే నోటుబుక్కు ఎక్కువ పనికొస్తుంది.

ఆ మాటలు ఎవరికి అర్థమవుతాయి అన్నది గట్టి అభ్యంతరమే, కొట్టిపారేయకూడదు. శ్రీకాకుళం పాఠకుడికి ధర్మపురి తెలుగు ఎందుకు తెలియాలి? జవాబు మన సాహిత్యంలోనే ఉంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కతలు’ చిత్తూరు పల్లె నుడికారంలో రాస్తే రాష్ట్రమంతా చదివింది. పులికాట్ సరస్సు ఒడ్డు తెలుగుతో స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ రాశారు. కృష్ణగిరి, హొసూరు మొదలుకొని కోలారు దాకా ఉన్న సీమ కథలు ‘మొరసునాడు కథలు’గా సంకలనమై వచ్చాయి. ఇవి అర్థం కాకుండా పోలేదు. ఎందుకంటే పాఠకుడు మాటను నిఘంటువు అర్థంతో పట్టుకోడు, పనితో పట్టుకుంటాడు. తెలియని మాట మొదటిసారి వచ్చినచోట ఆ వస్తువును ఎవరో ఎత్తుతూనో, కోస్తూనో, తింటూనో ఉంటే చాలు, కింద వివరణ అక్కర్లేదు. ఒక పేజీలో కొత్త మాటలు నాలుగైదుకు మించకుండా చూసుకోవాలి. ఒకే మాటను ఒకచోట ఒకలా, మరోచోట మరోలా రాయకూడదు. యాస అచ్చులో గందరగోళంగా కనబడడానికి యాస కంటే రచయిత అశ్రద్ధే ఎక్కువ కారణం.

దీనికి ఇంకో వైపూ ఉంది. మాండలికం రాస్తే చాలు కథ అయిపోతుందన్న భ్రమ ఈమధ్య బాగా పెరిగింది. క్రియాపదాల చివర్లు మార్చి, రెండు సామెతలు చల్లి, ఆలోచన మాత్రం పాత పేపరు ఆలోచనే ఉంచితే అది వేషం కట్టడం. పాత్రలు యాసలో మాట్లాడుతుంటే కథకుడు మాత్రం పైనుంచి శుద్ధమైన భాషలో వాళ్ల అమాయకత్వాన్ని మెచ్చుకుంటూ ఉండే కథలు మరీ చికాకు. అక్కడ యాస పాత్రలను కిందికి నెట్టడానికే పనికొచ్చింది. చెప్పే గొంతుకు, పాత్రల గొంతుకు మధ్య ఎంత దూరం ఉండాలన్నది మంచి రచయిత లెక్క కట్టే సంగతి. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో విశాఖ వీధి భాషా, కథకుడి వెటకారమూ పక్కపక్కనే ఉంటాయి. అయితే ఆ వెటకారం ఎప్పుడూ కోర్టుల మీదికీ, డబ్బున్నవాళ్ల మీదికీ పోతుంది గానీ బోనులో నిలబడ్డవాడి మీదికి పోదు.

తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం రాదు, బడిలో నేర్చుకోలేదు అనేవాళ్ల ఇబ్బంది వేరు. 2006లో తమిళనాడు తెచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి మొదలై ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. ఇంట్లో తెలుగు వింటూ తమిళంలోనే చదువుకున్న తరం ఎదిగింది. ఆ చట్టం మంచిచెడ్డల చర్చ వేరే. రాయాలనుకునే మనిషికి దారులు రెండున్నాయి. కి. రాజనారాయణన్‌లా తమిళంలోనే రాయవచ్చు, అందులో ద్రోహమేమీ లేదు. లేదా లిపి నేర్చుకోవచ్చు. మాట వచ్చిన పెద్దవాళ్లకు లిపి పట్టుబడటం భాష నేర్చుకోవడమంత కష్టం కాదు, కొన్ని నెలల పని. ఈలోగా ఫోనులో కథ చెప్పి రికార్డు చేసుకుంటే, రాయడం తెలిసినవాళ్ల కథల్లో లేని జీవం దానికి ఉండవచ్చు కూడా. మూడో దారి, అంటే తనకు తెలియని గ్రాంథికపు తెలుగును కష్టపడి అనుకరించడం, అది మాత్రం వద్దు.

వస్తువు సంగతేమిటి, కులం, నీళ్లు, వలస లాంటి పెద్ద విషయాలున్న చోట గొంతు గురించి ఇంత పట్టింపు విలాసం కాదా అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన కోపమే. కానీ పెద్ద విషయం గొంతు లేకుండా వస్తే వ్యాసమవుతుంది, వ్యాసాలు రాసేవాళ్లు వేరే ఉన్నారు. ‘యజ్ఞం’ అప్పు గురించి ఎంత పెద్ద మాట చెప్పిందో చూశాక, చెప్పే తీరు చిన్న విషయమని అనడం కష్టం. ఈ మార్గంలో అసలు ప్రమాదం మరొకటుంది. చిన్న ఊళ్లో, తెలిసిన గొంతులతో రాస్తే ఊరు తనను తాను గుర్తుపడుతుంది. పెరుమాళ్ మురుగన్ తిరుచెంగోడు నేపథ్యంలో రాసిన ‘మాదొరుబాగన్’ నవల మీద గొడవ రేగి, 2015 జనవరిలో రచయితగా తాను చనిపోయానని ఆయన ప్రకటించుకోవలసి వచ్చింది. 2016 జూలైలో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చాక గానీ మళ్లీ రచయితగా బయటికి రాలేదు. అంత పేరున్న మనిషికే తప్పలేదు. కొత్తవాళ్లు కనీసం పేర్లు, వృత్తులు, ఇంటి ఆనవాళ్లు మార్చడం, ఇద్దరు ముగ్గురు మనుషుల్ని కలిపి ఒకరిని చేయడం అలవాటు చేసుకోవాలి. ఇందులో పిరికితనమేమీ లేదు. ఒక్క మనిషిని ఉన్నదున్నట్టు దింపితే ఆ మనిషి నిజంగా చేసినదానికి మించి పాత్ర చేత ఏమీ చేయించలేం.

ఇక పని పద్ధతి. కథంతా ముందే ఆలోచించుకుని కూర్చోవడం కంటే, అనుకున్న సంఘటనలోంచి ఒకే ఒక్క దృశ్యాన్ని, ఉదాహరణకు లారీ ఇంజను ఆగిపోయిన తర్వాతి పది నిమిషాలను, ఇద్దరు వేర్వేరు మనుషుల వైపు నుంచి పేజీ చొప్పున రాసి చూడాలి. ఏ పేజీలో వాక్యాలు తమంతట తాము వస్తున్నాయో ఆ మనిషిదే కథ. పూర్తయ్యాక తిరగరాయడం తప్పదు. గురజాడ 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ను 1909లో దాదాపు కొత్త నాటకంగా తిరిగి రాశారు. ఆ మధ్య పన్నెండేళ్లలో ఆయన పాత్రల నోళ్లు ఎంత పదునెక్కాయో రెండు ప్రతులూ పక్కన పెట్టుకున్నవాళ్లకు కనబడుతుంది. చదువు విషయంలోనూ ఇదే లెక్క. కథలు ఎన్ని చదివామన్నది కాక, నచ్చిన ఒక్క కథను ఎవరి చూపు నుంచి చెప్పారు, ఎక్కడ ఆ చూపు దాటిపోయారు అని గీతలు గీస్తూ రెండోసారి చదవాలి. 1990 నుంచి వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకత్వంలో వెలువడిన ‘కథ’ సంకలనాలు, 1997లో కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం సేకరణ దీనికి చాలు. సిద్ధాంతం కావాలంటే ఆయనదే ‘కథాకథనం’ ఉంది, 1999లో అకాడమీ పురస్కారం పొందిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’ ఉంది. అయితే ఒక కథ రాసి విఫలమయ్యాకే వాటిని చదవండి. లేకపోతే సూత్రాలు కంఠతా వస్తాయి, కథ రాదు. పత్రికకు పంపే ముందు ఇంకో పని ఉంది. తెలుగు చదవడం రాని పెద్దవాళ్లు బి. మల్లాపురంలాంటి ఊళ్లలో ఎందరో ఉంటారు. వాళ్లలో ఒకరిని కూర్చోబెట్టి కథ పైకి చదవండి. బాగుందా అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. వాళ్లు అడ్డం వచ్చి ‘మనం ఇట్ల అనము గదా’ అన్నచోటల్లా పెన్సిలుతో గీటు పెట్టుకుని, ఇంకేమంటామో వాళ్లనే చెప్పమనండి.